సూర్యతాప యంత్రాల వాగ్దానం: ఆదోని–ఎమ్మిగనూరు ప్రాంతం నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సూర్యుని వేడితో నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో యంత్రాన్ని నడిపే ప్రయత్నం మన దేశంలో 1870లలోనే జరిగింది. ఆనాటి నుంచి నేటి వరకు ఆ ప్రయత్నం ఎందుకు నిలదొక్కుకోలేదో, కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతానికి దానితో ఉన్న సంబంధమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎండ సమృద్ధిగా ఉన్నంత మాత్రాన సూర్యతాప యంత్రం గెలవదనీ, నీరు, ఇంధనాల ధర, పని స్వభావం అనే మూడు అంశాలు దాని గతిని నిర్ణయించాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఉష్ణయంత్రం, సౌరశక్తి, ఆదోని, ఎమ్మిగనూరు, ధాత కరువు, చేనేత

1. ఉపోద్ఘాతం

ఆదోని పత్తికి పేరు, ఎమ్మిగనూరు చేనేతకు పేరు. రెండూ నేడు కర్నూలు జిల్లాలోనివే అయినా, ఆదోని తాలూకా 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో భాగం. ఈ ప్రాంతానికి ఎండ కొత్త కాదు. కరువూ కొత్త కాదు. పనుల్లేని రోజుల్లో కుటుంబాలకు కుటుంబాలు ఊరు విడిచి సుగ్గికి పోవడం నేటికీ కొనసాగుతున్నది. అటువంటి చోట 'ఎండే మన సంపద' అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాటలో నిజమెంతో చరిత్ర ఆధారంగా చూడవలసి ఉంది. నేడు మనకు కనిపించే సౌరఫలకాలు కాంతిని నేరుగా విద్యుత్తుగా మారుస్తాయి. వాటికంటే ముందే పుట్టిన మరో మార్గం ఎండను వేడిగా పట్టి యంత్రాన్ని తిప్పడం. ఈ వ్యాసానికి పరిధి ఆ రెండవ మార్గమే.

2. ధాత కరువు కాలంలో బొంబాయి ప్రయోగం

మద్రాసు, బొంబాయిల నుంచి వచ్చిన రైలుమార్గాలు 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఆ మార్గంలోనే ఆదోని ఉంది. పత్తి గింజ తీసే మిల్లులు, బేళ్లు కట్టే ప్రెస్సులు ఆదోనిలో ఆవిరి యంత్రాలతో నడవడం తర్వాతి దశాబ్దాల పరిణామం. ఆవిరికి ఇంధనం కావాలి. బళ్లారి, కర్నూలు జిల్లాల్లో బొగ్గు గనులు లేవు. తెలుగునాట ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో.

రైలు వచ్చిన ఐదేళ్లకే ధాత కరువు వచ్చింది. 1876–78 నాటి ఆ కరువులో అత్యంత తీవ్రంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో బళ్లారి, కర్నూలు జిల్లాలు ఉన్నాయి. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, ఆ రైలుమార్గపు పడమటి కొసన ఉన్న బొంబాయిలో, హైకోర్టు డిప్యూటీ రిజిస్ట్రారు విలియం ఆడమ్స్ ఎండతో ఆవిరి పుట్టించే పనిలో ఉన్నాడు. ఫ్రాన్సులో ఆగస్టిన్ ముషో 1860ల నుంచి దర్పణాలతో ప్రయోగాలు చేస్తున్నాడు. ఆడమ్స్ ఆ దారిని కొంత మార్చాడు. వంపు తిరిగిన ఖరీదైన దర్పణానికి బదులు చిన్న చిన్న చదునైన అద్దాలను అర్ధవలయంగా అమర్చి, వాటి కాంతినంతా ఒకే బాయిలరు మీదికి మళ్లించాడు. ఆ ఆవిరితో రెండున్నర అశ్వశక్తి గల పంపు నడిచింది. ఉష్ణదేశాల్లో ఇంధనానికి ప్రత్యామ్నాయంగా సూర్యతాపాన్ని ప్రతిపాదిస్తూ 1878లో గ్రంథం ప్రచురించాడు. ఎండతో వంట చేసే పెట్టెను కూడా రూపొందించాడు.

ఆడమ్స్ యంత్రం ఆదోని దాకా రాలేదు. అయినా ఈ రెండు ఘటనలు ఒకే కాలానివి కావడం ఆలోచింపదగినది. బావిలోని నీటిని పైకి తెచ్చే శక్తి ఎండలోనే ఉందని ఒకచోట రుజువవుతున్నప్పుడు, మరొకచోట అదే ఎండకు చేలు మాడిపోతున్నాయి. అయితే ఆ యంత్రం ఉండి ఉంటే కరువు తీరేదని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. బావులే ఎండినప్పుడు ఏ పంపూ నీటిని సృష్టించలేదు.

ముషో 1878 పారిస్ ప్రదర్శనలో ఎండతో యంత్రం నడిపి మంచుగడ్డ తయారుచేసి చూపాడు. కానీ ఫ్రాన్సులో బొగ్గు చవకైన తరువాత ప్రభుత్వం ఆ పరిశోధనకు మద్దతు ఉపసంహరించుకున్నది. 1913లో ఈజిప్టులోని మాదీ వద్ద అమెరికన్ ఇంజనీరు ఫ్రాంక్ షుమన్ ఐదు పొడవైన పరావలయ దర్పణాలతో నైలు నీటిని తోడించాడు. మొదటి ప్రపంచయుద్ధం, ఆ వెంటనే వచ్చిన పెట్రోలియం ఆ ప్రయోగానికి తెర దించాయి.

3. ఉష్ణయంత్రానికి చల్లదనమూ కావాలి

ఉష్ణయంత్రం గురించి 1824లో సాది కార్నో తేల్చిన సూత్రం ఇక్కడ కీలకం. వేడి ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రతకు ప్రవహించేటప్పుడే పని లభిస్తుంది. అందులో కొంత వేడి తప్పనిసరిగా వృథాగా బయటికి పోతుంది. ఆవిరి 150 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండి 45 డిగ్రీల వద్ద చల్లబడితే, సిద్ధాంతరీత్యా గరిష్ఠ సామర్థ్యం సుమారు 25 శాతం. ఆవిరిని 390 డిగ్రీలకు చేర్చగలిగితే అది 52 శాతానికి పెరుగుతుంది. వాస్తవ యంత్రాలు ఈ హద్దులకు చాలా దిగువనే పనిచేస్తాయి.

కాబట్టి ఎండ ఎంత మండితే యంత్రానికి అంత మేలు అనుకోవడం సగం నిజమే. ఒక కొసన మంట, మరో కొసన చల్లదనం ఉండాలి. వేసవిలో గాలి 40 డిగ్రీలు దాటే ప్రాంతంలో ఆవిరిని తిరిగి నీరుగా మార్చడానికి చన్నీరు సమృద్ధిగా కావాలి. కర్నూలు జిల్లా సగటు వార్షిక వర్షపాతం 700 మిల్లీమీటర్ల లోపే. తుంగభద్ర దిగువ కాలువ నీటి కోసం పొలాలూ ఊళ్లూ ఎదురుచూస్తుంటాయి. గాలితో చల్లార్చే పద్ధతి లేకపోలేదు. దానివల్ల ఖర్చు పెరుగుతుంది, సామర్థ్యం తగ్గుతుంది. మరో పరిమితి కూడా ఉంది. దర్పణాలు నేరుగా పడే కిరణాలనే కేంద్రీకరించగలవు. దుమ్ము, మబ్బు చెదరగొట్టిన కాంతి సౌరఫలకానికి కొంతవరకు ఉపయోగపడుతుంది గాని దర్పణానికి పనికిరాదు.

4. నాగలాపురం నుంచి గని–శకునాల వరకు

జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ మొదటి దశలో, 2010 డిసెంబరులో, మొత్తం 470 మెగావాట్ల సౌరతాప విద్యుత్తుకు ఏడు ప్రాజెక్టులు ఎంపికయ్యాయి. వేలంలో పలికిన ధర యూనిట్‌కు 10.49 నుంచి 12.24 రూపాయలు. వాటిలో ఒకటి పొరుగున ఉన్న అనంతపురం జిల్లా నాగలాపురం వద్ద మేఘా సంస్థ నిర్మించిన 50 మెగావాట్ల కేంద్రం. పరావలయ దర్పణాలు నూనెను సుమారు 390 డిగ్రీలకు వేడిచేస్తే, ఆ వేడితో పుట్టిన ఆవిరి టర్బైనును తిప్పుతుంది. ఈజిప్టులో షుమన్ వాడిన ఆకారమే నూరేళ్ల తరువాత రాయలసీమకు చేరిందన్నమాట. ఈ కేంద్రం 2014లో ఉత్పత్తి ప్రారంభించింది. ఏడింటిలో సకాలంలో పూర్తయినవి కొన్నే.

ఈలోగా సౌరఫలకాల ధర పడిపోయింది. అప్పటి కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామాల పరిధిలో వెయ్యి మెగావాట్ల సౌరపార్కు కోసం 2015 చివర జరిగిన వేలంలో యూనిట్ ధర 4.63 రూపాయలకు దిగింది. ఆ పార్కు పూర్తిగా ఫలకాలతోనే నిర్మితమై 2017లో సిద్ధమైంది. ఫలకానికి ఆవిరి అక్కరలేదు, చల్లార్చే నీరు అక్కరలేదు; అద్దం కడగడానికి మాత్రం కొంత నీరు చాలు. పంతొమ్మిదవ శతాబ్దిలో బొగ్గు చేతిలో, ఇరవయ్యవ శతాబ్దిలో పెట్రోలియం చేతిలో ఓడిన సూర్యతాప యంత్రం, ఇరవై ఒకటవ శతాబ్దిలో సూర్యకాంతి చేతిలోనే ఓడింది.

అయితే ఫలకం పొద్దుగూకగానే ఆగిపోతుంది. వేడిని మాత్రం కరిగిన లవణాల్లో దాచి రాత్రి వాడుకోవచ్చు. స్పెయిన్‌లో ఇటువంటి కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఉష్ణయంత్రపు వాగ్దానంలో ఇంకా మిగిలివున్న ప్రధానాంశం ఇదే.

5. మగ్గానికి చలనం, రంగు తొట్టికి వేడి

మాచాని సోమప్ప నాయకత్వంలో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘం ద్వారా ఎమ్మిగనూరు వస్త్రాలు ప్రసిద్ధికెక్కాయి. శక్తి దృష్టితో చూస్తే చేనేత పని రెండు విధాలు. మగ్గం ఆడడానికి కావలసిన చలనం నేతగాని చేతులూ కాళ్లూ ఇస్తాయి. నూలు ఉడికించడానికి, గంజి కాయడానికి, రంగు అద్దడానికి కావలసింది వేడి. అదీ మరిగే నీటి ఉష్ణోగ్రతకు మించనక్కరలేదు. ఇక్కడ వేడిని చలనంగా మార్చే ప్రసక్తి లేదు గనుక కార్నో విధించిన నష్టమూ లేదు. వంద డిగ్రీల లోపు నీరు కాయడానికి సాధారణ సౌర హీటర్లూ, చిన్న దర్పణాలూ సరిపోతాయి.

ఆదోని మిల్లులకు కావలసింది మాత్రం ప్రధానంగా చలనం. అది ఇప్పుడు విద్యుత్ మోటారు ఇస్తున్నది. పత్తి మార్కెట్టుకు వచ్చే శీతకాలపు నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉండడం ఆ మిల్లులకు అనుకూలాంశం. ఆ ఎండను మోటారుకు చేర్చడానికి ఫలకమే సులువైన దారి. ఒకే ఎండ, ముప్పై కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న రెండు పట్టణాలు. అవసరాలు మాత్రం వేరు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు: సూర్యతాప యంత్రం సాంకేతికంగా విఫలమైనది కాదు, ప్రతి యుగంలోనూ తనకంటే చవకైన శక్తి చేతిలో వెనుకబడింది. కరువు ప్రాంతంలో దాని అసలు పరిమితి ఎండ కాదు, నీరు. విద్యుత్తు కోసం ఫలకం, రాత్రి సరఫరా కోసం దాచిన వేడి, అద్దకం కోసం నేరుగా వేడి అనే విభజన ఈ ప్రాంతానికి తగినది. సౌరశక్తి పేరిట వేల ఎకరాలు కేటాయించే విధానాల్లో, పొయ్యి మీద కట్టె పెట్టి రంగు నీరు కాచుకునే అద్దకందారు ప్రస్తావన అరుదు. ఆడమ్స్ తన కాలంలో అడిగిన ప్రశ్న ఇంధనానికి ప్రత్యామ్నాయం ఏమిటన్నది. ఆ ప్రశ్నను ఎమ్మిగనూరు రంగు తొట్టి దగ్గర నిలబడి మళ్లీ అడగవలసి ఉంది.