జీతాల పట్టీలో మన ప్రాంత చరిత్ర

ఫ్యాక్టరీ పెట్టదలచినవారు ముందుగా వేసుకునేది ఖర్చుల లెక్క. భూమి ధర, కరెంటు, నీళ్ళు, లారీ బాడుగ, కూలి - ఇవన్నీ ఊరూరికీ మారతాయి. ఊరు మారినా మారకూడదని చట్టం కోరుకున్న ఖర్చు ఒకటుంది. కార్మికుని జీతం మీద యజమాని విధిగా కట్టవలసిన చందా అది. ప్రావిడెంట్ ఫండ్, ఈ.ఎస్.ఐ. అనే పేర్లతో మనందరికీ తెలిసినదే. ఈ చందా ఎప్పుడు, ఎవరికి, ఎన్నేళ్ళు మాఫీ అయిందో చూస్తే వెనుకబడిన జిల్లాల పారిశ్రామికాభివృద్ధికి ఎవరెవరు మూల్యం చెల్లించారో కొంత బోధపడుతుంది.

ప్రాంతాల మధ్య పోటీ అనే చిక్కు ఈ చట్టాల పుట్టుకలోనే ఉంది. ప్రొఫెసర్ అడార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1948లో ఈ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. దేశమంతటా ఒకేసారి అమలు చేయడానికి ఆసుపత్రులు లేవు, డాక్టర్లు లేరు. కాబట్టి ముందు కాన్పూరు, ఢిల్లీ నగరాలను ఎంచుకున్నారు. అయితే అక్కడి మిల్లు యజమానులు చందా కడుతూ ఉంటే, చందా లేని ఊళ్ళలో అదే సరుకు చవకగా తయారవుతుంది కదా! ఈ చిక్కు తీర్చడానికి 1951లో చట్టాన్ని సవరించారు. పథకం ఇంకా రాని ఊళ్ళలోని యజమానులు కూడా మొత్తం జీతాల మీద నూటికి ముప్పావు రూపాయి ప్రత్యేక చందా కట్టాలన్నారు. పథకం వచ్చిన చోట అది రూపాయింపావు. ఆ తరువాతనే, 1952 ఫిబ్రవరి 24న, పథకం మొదలయింది. కార్మికుని వైద్యం ఎగ్గొట్టి ఏ ఊరూ పోటీలో గెలవకూడదన్నది ఆ సవరణలోని నీతి.

ప్రావిడెంట్ ఫండ్ చట్టం కూడా 1952లోనే వచ్చింది. ఆ నవంబరులో చందాల వసూలు ఆరంభమయ్యే నాటికి కేంద్ర కార్మిక మంత్రి మన వి.వి. గిరి గారు. మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితం, బట్టల పరిశ్రమలు - ఈ ఆరింటికే వర్తించింది. 50 మంది పనిచేసే చోటే అమలు. యజమాని నూటికి ఆరుంపావు, కార్మికుడు ఆరుంపావు కట్టాలి. 1960 చివర ఆ 50ని 20కి తగ్గించారు.

అయితే ఈ చట్టంలో ఒక కిటికీ తెరిచి ఉంచారు. కొత్తగా పుట్టిన సంస్థ పసిబిడ్డ వంటిది, కొన్నాళ్ళు దాని మీద బరువు పెట్టరాదన్నారు. 50 మందీ అంతకు పైనా ఉన్న సంస్థకు మూడేళ్ళు, 20 నుంచి 49 మంది ఉన్నదానికి అయిదేళ్ళు మినహాయింపు ఇచ్చారు. 1988 సవరణ దీన్ని అందరికీ మూడేళ్ళు చేసింది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. సేలం జిల్లా నుంచి 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లా విడివడింది. వానలు అంతంత మాత్రం, పరిశ్రమలు అంతకంటే తక్కువ. 1971లో ఏర్పడిన సిప్కాట్ సంస్థ, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న హోసూరులో పారిశ్రామికవాడను నెలకొల్పింది. బెంగుళూరు నలభై కిలోమీటర్ల దూరం. వెనుకబడిన ప్రాంతమని రాయితీలు. 1980ల దశకంలో అశోక్ లేలాండ్, టి.వి.ఎస్., టైటాన్ పేర్లు మన పల్లెల్లోనూ వినబడసాగాయి. వాటి చుట్టూ విడిభాగాలు చేసే చిన్న కార్ఖానాలు పుట్టాయి. తెలుగు, కన్నడ, తమిళ కుటుంబాల పిల్లలు సేద్యం విడిచి షిఫ్టులకు వెళ్ళారు.

పాత సంస్థ వేరే ఊళ్ళో శాఖ తెరిస్తే అది పసిబిడ్డ కాదని 1960 నాటి సవరణే తేల్చింది. కాబట్టి మినహాయింపు ముఖ్యంగా కొత్త సంస్థలకు, అందులోనూ చిన్నవాటికి ఎక్కువ కాలం దక్కింది. ఇష్టపడి ముందే చేరదలచిన యజమానికి చట్టం అడ్డు చెప్పలేదు. అయితే ఇష్టపడి ఖర్చు పెంచుకునేవారు ఎందరుంటారు?

లెక్క చూద్దాం. 1982 మొదట్లో ముప్పయి మందితో తెరిచిన కార్ఖానాలో నెలకు 400 రూపాయల జీతగాడు ఉన్నాడనుకుందాం. ఆరుంపావు చొప్పున యజమాని వాటా 25 రూపాయలు. అయిదేళ్ళకు 1,500. కార్మికుని వాటా కలిపితే 3,000, వడ్డీ వేరు. అంతటితో పోలేదు. 1995 నవంబరులో వచ్చిన పింఛను పథకం పదేళ్ళ సభ్యత్వం అడిగింది. ఇతడు 1996 మొదట్లో పని మానేస్తే చాకిరీ పధ్నాలుగేళ్ళు, సభ్యత్వం మాత్రం తొమ్మిదేళ్ళు. పింఛనుకు ఒక్క ఏడు తక్కువ! కార్ఖానా బాల్యం కార్మికుని వార్ధక్యాన్ని తినేసింది.

యజమానుల వాదనలోనూ నిజం లేకపోలేదు. కొత్త కార్ఖానాకు తొలి ఏళ్ళలో బ్యాంకు వడ్డీ ఆగదు, పెద్ద కంపెనీ నుంచి బిల్లు డబ్బు సమయానికి రాదు. ఆదుకోవలసిందే. ఆదుకోవలసింది ఎవరన్నదే ప్రశ్న. పెట్టుబడి రాయితీ ఇస్తే ఆ డబ్బు ఖజానాది. భూమి చవకగా ఇస్తే ఆ నష్టం ప్రభుత్వానిది. చందా మాఫీ చేస్తే మాత్రం పోయేది కార్మికునిది. సొమ్మొకడిది, సోకొకడిది.

1997 సెప్టెంబరు 22 నుంచి ఆ మినహాయింపు రద్దయింది. అప్పుడే ఎన్నో పరిశ్రమలలో చందా నూటికి 12కు పెరిగింది. ఆ ఏడాది జనవరిలోనే ఈ.ఎస్.ఐ.లో యజమాని వాటా 4.75 అయి ఉంది. ఒకే ఏట రెండు బరువులు పెరగడం చిన్న కార్ఖానాలకు కష్టమే. 2019 జూలైలో ఈ.ఎస్.ఐ. వాటాను 3.25కు తగ్గించారు.

ఇంతకంటే గమనించదగినది 2016లో జరిగింది. 15,000 లోపు జీతంతో కొత్తగా చేరినవారి తరఫున, యజమాని కట్టవలసిన 8.33 శాతం పింఛను చందాను కేంద్రమే మూడేళ్ళు కడతానంది. 2018 ఏప్రిల్ నుంచి మొత్తం 12 శాతాన్నీ తనే భరించింది. 2019 మార్చితో కొత్త నమోదులు ఆగిపోయాయి. మళ్ళీ అవే మూడేళ్ళు! యజమానికి ఊరట అదే. కాని కార్మికుని ఖాతాలో డబ్బు పడింది, సర్వీసు లెక్కకు వచ్చింది. పాత చట్టం చేయదగి ఉండీ చేయనిది ఇదే.

2004 ఫిబ్రవరిలో హోసూరు కృష్ణగిరి జిల్లాలోకి వెళ్ళింది. ధర్మపురికి ఇంకా పరిశ్రమలు కావాలి, రాయితీలూ కావాలి. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. చట్టం పేరేదైనా, రాయితీ ప్రకటించిన ప్రతిసారీ మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ తగ్గింపు ఎవరి జేబులోంచి?