అమ్మానాన్నల నడక, కాళ్ళ బలం: సింగపూరులో ఉన్నవారికి కొన్ని వివరాలు

సింగపూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మనలో చాలామంది ఇళ్ళకు ఏడాదిలో కొన్ని నెలలు అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చి ఉంటారు. పగలంతా మనం ఆఫీసులో, పిల్లలు బడిలో ఉంటారు కనుక పెద్దవాళ్ళకు మిగిలేది టీవీ, సాయంత్రం నడక. "రోజూ నడుస్తున్నారు కదా, ఇంకేం కావాలి" అని మనం నిశ్చింతగా ఉంటాం. నడక మంచిదే, అందులో సందేహం లేదు. కానీ తీరిగ్గా నడిచే నడక ఒక్కటే కాళ్ళకు బలం ఇవ్వదు. నేను డాక్టరుని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. మా నాన్నగారి కోసం చదివి, ఫిజియోథెరపిస్టుని అడిగి తెలుసుకున్న సంగతులు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

వయసుతో కాళ్ళలో జరిగేది

వయసుతోపాటు కండ, బలం తగ్గిపోవడాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు. డెబ్బై దాటినవారిలో కండ ఏడాదికి సుమారు 1 శాతం తగ్గితే, బలం దానికి మూడు రెట్ల వేగంతో తగ్గుతుంది. అంటే కాళ్ళు చూడటానికి అలాగే ఉన్నా లోపల సత్తువ తగ్గిపోతూ ఉంటుంది. ముందుగా దెబ్బతినేవి వేగంగా పనిచేసే కండర తంతువులు. కాలు తట్టుకున్నప్పుడు చటుక్కున రెండో అడుగు వేసి నిలదొక్కుకోవడానికి కావలసినవి అవే.

మంచం పడితే ఈ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పది రోజులు మంచంమీదే ఉంచి చూస్తే, వారి కాళ్ళనుంచి సుమారు ఒక కిలో కండ తగ్గింది. కాబట్టి మామూలు జ్వరం తగ్గాక కూడా "ఇంకో వారం పడుకోండి" అనడం ప్రేమే కావచ్చు గాని మేలు కాదు.

నడక ఇచ్చేది, ఇవ్వనిది

"పదివేల అడుగులు" అన్న లెక్క వైద్యశాస్త్రంలో పుట్టింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరానికి "పదివేల అడుగుల మీటరు" అనే అర్థం వచ్చే పేరు పెట్టి అమ్మింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న 16,741 మంది స్త్రీలను పరిశీలిస్తే, రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి. ఆ తేడా 7,500 అడుగుల దగ్గర ఆగిపోయింది. ఇది పరిశీలన మాత్రమే, అడుగులవల్లే ఆయుష్షు పెరిగిందని తేల్చే ప్రయోగం కాదు. అయినా పదివేలు పూర్తి కాలేదని పెద్దవాళ్ళు దిగులు పడనక్కరలేదు.

ఇక బలం మాట. 2007లో ప్రచురితమైన జపాన్ ప్రయోగంలో ఒక బృందం మామూలు వేగంతో నడిచింది. ఇంకో బృందం మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా మార్చి మార్చి నడిచింది. ఐదు నెలల తర్వాత రెండో బృందంలో మోకాలు చాచే బలం 13 శాతం, ముడిచే బలం 17 శాతం పెరిగింది. మామూలుగా నడిచినవారిలో అంత లాభం లేదు. కారణం తేలికే. చదునైన దారిలో నెమ్మదిగా నడవడానికి తొడ కండరం తన శక్తిలో కొద్ది భాగమే వాడుతుంది. కుర్చీలోంచి లేవడానికి, మెట్టెక్కడానికి చాలా ఎక్కువ కావాలి. ఆ బరువు పడనిదే కండ బలపడదు.

ఊళ్ళో ఉండి ఇక్కడ లేనివి

మన ఊళ్ళలో పెద్దవాళ్ళు వ్యాయామం అనే పేరు పెట్టకుండానే ఈ పని చేసేవారు. నేలమీద కూర్చుని భోజనం, పీటమీద కూర్చుని కూరలు తరగడం, డాబా మెట్లెక్కి వడియాలు పెట్టడం, ముగ్గు కోసం వంగి లేవడం, ఇవన్నీ తొడలకు, పిరుదులకు పనే. సింగపూరు ఫ్లాటులో సోఫా, కమోడు, లిఫ్టు, ఎస్కలేటరు ఉంటాయి. అడుగుల సంఖ్య తగ్గకపోయినా కాళ్ళమీద పడే బరువు మాత్రం తగ్గిపోతుంది. మా నాన్నగారు బ్లాకు కింద వాయిడ్ డెక్కులో రోజుకు ఆరువేల అడుగులు నడిచేవారు. అయినా సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఊని లేచేవారు.

సింగపూరులో 2015లో మొదలైన రెండు కార్యక్రమాలు చూస్తే ఈ తేడా తెలుస్తుంది. హెల్త్ ప్రమోషన్ బోర్డు అడుగులు లెక్కపెట్టే నేషనల్ స్టెప్స్ ఛాలెంజ్ మొదలుపెట్టింది. అదే ఏడాది లీన్ ఫౌండేషన్ పెద్దవాళ్ళకు యంత్రాలమీద బలాన్ని పెంచే జిమ్ టానిక్ మొదలుపెట్టింది. పెద్దవాళ్ళకు ఈ రెండూ అవసరమే.

ఇంట్లో చేసుకోదగిన పరీక్షలు

2019లో ఆసియా దేశాల నిపుణులు మనవంటి శరీరాలకు తగిన కొలతలు ఇచ్చారు.

1. చేతులు లేని కుర్చీలో కూర్చుని, చేతులు గుండెమీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే బలం తగ్గినట్టు.
2. మామూలు నడక వేగం సెకనుకు ఒక మీటరుకన్నా తక్కువైతే అదీ హెచ్చరికే.
3. పిక్క చుట్టుకొలత మగవారికి 34 సెంటీమీటర్లు, ఆడవారికి 33 కన్నా తక్కువైతే డాక్టరును అడగాలి.

నడక వేగం ఇక్కడ రోడ్డుమీద కూడా పనికొస్తుంది. 2009లో వచ్చిన గ్రీన్ మ్యాన్ ప్లస్ పద్ధతిలో సీనియర్ల కార్డు తాకిస్తే రోడ్డు దాటడానికి 3 నుంచి 13 సెకన్లు అదనంగా వస్తాయి. విజిట్ పాసు మీద వచ్చిన మన పెద్దవాళ్ళ దగ్గర ఆ కార్డు ఉండదు. పచ్చబొమ్మ వెలుగుతున్నంతలోనే దాటేటంత సత్తువ వారి కాళ్ళకే ఉండాలి.

వారానికి ఏం చేయాలి

65 దాటినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది ఇది: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు బలానికి వ్యాయామం, కనీసం మూడు రోజులు నిలకడకు సాధన. మా ఇంట్లో దాన్ని ఇలా మార్చుకున్నాం.

- కుర్చీ గుంజీళ్ళు: కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఊనకుండా లేచి నెమ్మదిగా కూర్చోవడం. ఐదుతో మొదలుపెట్టి పదికి, తర్వాత రెండు విడతలకు. రోజు విడిచి రోజు.
- మునివేళ్ళమీద లేవడం: వంటగది గట్టు పట్టుకుని పదిసార్లు. పిక్కలకు మంచిది.
- మెట్లు: రెయిలింగు పట్టుకుని ఒక అంతస్తు ఎక్కడం, లిఫ్టులో దిగడం. దిగేటప్పుడు మోకాళ్ళకు నొప్పి ఎక్కువ.
- నిలకడ: గట్టు దగ్గర ఒంటికాలిమీద పది సెకన్లు, పక్కన మనిషి ఉండగా.
- నడక: రెండు దీపస్తంభాల మధ్య వేగంగా, తర్వాతి రెండింటి మధ్య నెమ్మదిగా.

నాలుగు నెలల్లో మా నాన్నగారికి ఐదు లేవడాల సమయం 17 సెకన్లనుంచి 13కి వచ్చింది. ఈ వయసులో ఏం బలం వస్తుందని ఆయనే అన్నారు. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళవారికి ఎనిమిది వారాలు బరువుల వ్యాయామం చేయిస్తే కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగిందని చదివి వినిపించాను. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట అనలేదు!

ఎక్కడ, ఎప్పుడు నడవాలి

ఊళ్ళో ఐదింటికే లేచే పెద్దవాళ్ళకు ఇక్కడ ఏడాది పొడుగునా సుమారు ఏడింటికిగాని తెల్లవారదు. చీకట్లో కాక ఏడునుంచి ఎనిమిదిన్నర లోపు నడిస్తే ఎండ తగలదు. దీవి అంతటా 300 కిలోమీటర్లకు పైగా పార్క్ కనెక్టర్లు ఉన్నాయి. బిషాన్-ఆంగ్ మో కియో పార్కు, ఈస్ట్ కోస్ట్ పార్కు చదునుగా, కూర్చోవడానికి బెంచీలతో ఉంటాయి. కాళ్ళు కుదుటపడ్డాక బొటానిక్ గార్డెన్స్‌లో కొంచెం ఎత్తుపల్లాలున్న దారులు బావుంటాయి. వాన పడితే వాయిడ్ డెక్కు, పొగమంచులాంటి హేజు పడితే ఇల్లు. సైకిళ్ళు వెళ్ళే దారిలో ఎడమ పక్కనే నడవమని చెప్పండి. రబ్బరు చెప్పులు వద్దు, మడమను పట్టి ఉంచే బూట్లు కొనిపెట్టండి.

తిండి, జాగ్రత్తలు

మాంసకృత్తులు లేనిదే కండ రాదు. పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని నిపుణుల మాట. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. పెద్ద గ్లాసు పాలలో సుమారు 8, గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. రాత్రి చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకునేవారికి ఇది అందదు. చిక్కటి పప్పు, పెసరట్టు, పెరుగు, సెనగలు, ఇక్కడ తేలిగ్గా దొరికే టోఫు చేర్చండి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం డాక్టరు చెప్పినంతే తినాలి.

గుండె జబ్బు, తల తిరగడం, ఇన్సులిన్, మోకాలి ఆపరేషన్ ఉన్నవారు డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి. గుండెలో నొప్పి, మామూలుకు మించిన ఆయాసం వస్తే వెంటనే ఆపాలి. నడుస్తుంటే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గిపోతుంటే అది వయసు నొప్పి అనుకోకండి. రక్తనాళాలు ఇరుకైనందువల్ల కావచ్చు. విజిటర్లకు ఇక్కడి ఆస్పత్రుల్లో సబ్సిడీ లేదు కనుక, తుంటి ఎముక విరిగితే ఆ బాధకు తోడు బిల్లు కూడా పెద్దదే.

అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ళున్న 1,635 మందితో చేసి 2014లో ప్రకటించిన ప్రయోగంలో, నడకతోపాటు కాళ్ళ బలానికి, నిలకడకు కూడా సాధన చేయించారు. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారిలో 35.5 శాతం మంది 400 మీటర్లు నడిచే శక్తి పోగొట్టుకుంటే, సాధన చేసినవారిలో 30.1 శాతం మందే పోగొట్టుకున్నారు. తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ 400 మీటర్లంటే మన బ్లాకునుంచి ఎం.ఆర్.టి. స్టేషనుకో, కూరగాయల కొట్టుకో ఉండే దూరం. "కాలూ చెయ్యీ ఆడుతుండగానే వెళ్ళిపోవాలి, ఒకరికి భారం కాకూడదు" అని మన పెద్దవాళ్ళు తరచూ అంటుంటారు. వెళ్ళిపోయే మాట అలా ఉంచి, కాళ్ళు ఆడే మాట మనం చూద్దాం. ఈ శనివారం ఒక కుర్చీ, ఒక గడియారం పెట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. వారితోపాటు మనమూ లేద్దాం. రోజుకు పది గంటలు కంప్యూటరు ముందు కూర్చునే మన కాళ్ళకూ ఆ పరీక్ష అవసరమే.