మనల్నెందుకు అట్లా చూస్తారు?

దేరాలోనో, షార్జా రోలాలోనో తిరిగితే మనల్ని ఎవరూ పట్టించుకోరు. అక్కడ అందరూ మనలాంటివాళ్ళే. అదే సెలవు రోజున నలుగురం కలిసి ఏ పెద్ద మాల్‌లోకో అడుగుపెడితే చూపులన్నీ మనమీదే. కొందరు ఓరకంట చూసి తల తిప్పుకుంటారు. కొందరు పిల్లల చెయ్యి పట్టుకుని పక్కకు జరుగుతారు. సెక్యూరిటీ అతను (అతనూ మన దేశం వాడే!) మనం బయటికి వెళ్ళేదాకా వెనకాలే నడుస్తాడు.

ఈ దేశంలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బయటి దేశాలవాళ్ళే. మరి మనల్నే ఎందుకు చూస్తారు? ఒంటి రంగు వల్ల అనుకుందామంటే, టై కట్టుకుని ఆఫీసుకు పోయే మన ఊరివాణ్ణి ఎవరూ అలా చూడరు. సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

చమురు దొరకకముందు ఈ రేవులకు పెద్ద పట్నం అంటే బొంబాయే. ఇక్కడి ముత్యాలు అక్కడికి పోయేవి. అక్కడి నుంచి బియ్యం, బట్ట, కలప స్టీమర్లలో వచ్చేవి. 1966 దాకా దుబాయ్‌లో చెల్లింది రూపాయే. 1959 నుంచి రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లు కూడా అచ్చువేసింది. దిర్హమ్ వచ్చింది 1973లో. అంటే మనవాళ్ళు ఇక్కడ సంపాదించిన రూపాయిని మార్చుకునే పని లేకుండానే ఇంటికి పంపుకున్న కాలం ఒకటుంది!

ఆ రోజుల్లో బర్ దుబాయ్ బట్టల బజారులో కూర్చునే సింధీ, గుజరాతీ వర్తకులు కొద్దిమందే. ఎవరి కొడుకెవరో, ఎవరికి ఎంత బాకీయో ఊరందరికీ తెలుసు. తెలిసిన మనిషిని వింతగా ఎవరు చూస్తారు?

తెలుగు మనుషులు పెద్దగా రాకముందే తెలుగు బట్ట ఈ వైపుకు వచ్చింది. చీరాలలో నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్ళేవి. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు, నలుపు రంగులు అద్ది నేసిన చదరపు గుడ్డలవి. నూనె పట్టిన నూలు ఎండలో తలకు చల్లగా ఉంటుందని తలపాగాగా చుట్టుకునేవారు. మన జాలర్లేమో అదే గుడ్డను నడుముకు కట్టుకునేవారు. ఇక్కడివాళ్ళు నేటికీ కందూరా కింద కట్టుకునే విజార్ మన లుంగీకి అన్నదమ్ముడే.

అలాంటిది 2009లో లుంగీతో బయట తిరిగాడని షార్జాలో ఒక మనిషిని పోలీసులు పట్టుకున్నట్టు పత్రికల్లో వచ్చింది. షార్జాలో 2001లోనే బహిరంగ ప్రదేశాల్లో దుస్తుల గురించి నియమాలు పెట్టారు. లోపల కట్టుకుంటే విజార్, బయట కట్టుకుంటే కేసు!

మధ్యలో ఏం జరిగింది? 1968లో ఈ ఏడు ఎమిరేట్ల జనాభా లక్షా ఎనభై వేలు. 1975కు అయిదున్నర లక్షలు దాటింది. 1972లో పోర్ట్ రషీద్, 1979లో జబల్ అలీ రేవు వచ్చాయి. రోడ్లు, మేడలు, ఫ్యాక్టరీలు లేచాయి. వాటికి మనుషులు కావాలి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మనమూ బయల్దేరాం. ఇంతమందిని ఊరి మధ్యన ఉంచలేదు. సోనాపూర్, అల్ ఖూజ్, ముసఫ్ఫా అంటూ ఊరి చివర క్యాంపులు కట్టారు. తెల్లవారుజామున బస్సు, చీకటి పడ్డాక మళ్ళీ బస్సు. జగిత్యాలలో ముగ్గురు పిల్లలున్నవాడు కూడా ఇక్కడ 'బ్యాచిలరే'. కుటుంబాలుండే వీధుల్లో బ్యాచిలర్లకు గదులు ఇవ్వకూడదని మున్సిపాలిటీలు ఎన్నోసార్లు ఖాళీ చేయించాయి.

అసలు కారణం ఇదేనని మాకు అనిపిస్తుంది. వారంలో ఆరు రోజులు కంటికి కనబడకుండా ఉంచిన మనిషి, ఏడో రోజు గుంపుగా కనబడితే వింతగానే ఉంటాడు. చూసేవాడికి మన పేరు తెలియదు, ఊరు తెలియదు. కంపెనీ బొమ్మ ఉన్న చొక్కా ఒక్కటే తెలుసు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మనవాళ్ళు కొందరు బీచ్‌లో కూర్చుని ఆడవాళ్ళను గుచ్చి గుచ్చి చూస్తారు. ఏళ్ళ తరబడి కుటుంబానికి దూరంగా ఉండడం బాధే, కాదనం. కానీ ఆ చూపుకు గురయ్యే ఆడమనిషికి మాల్‌లో మనకుండే ఇబ్బందే ఉంటుంది. పైగా ఆడవాళ్ళను వేధిస్తే ఇక్కడ జైలు దాకా పోతుంది.

ఎవరైనా తేరిపారా చూస్తే తల దించుకోవద్దు, ఉరిమి చూడనూ వద్దు. పెద్దవయసు అరబ్బు అయితే "సలామలేకుం" అనండి, చాలామంది బదులిస్తారు. బొంబాయి స్టీమర్ల కాలం చూసిన ముసలివాళ్ళు కొందరు హిందీలోనే పలకరిస్తారు. అలాంటివాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు.

తేలియా రుమాలుకు 2020లో పుట్టపాక పేరుతో జీఐ గుర్తింపు వచ్చింది. అక్కడి మగ్గాల మీద ఇప్పుడు ఎక్కువగా చీరలు, దుపట్టాలే నేస్తున్నారు.