హాలెలో అచ్చయిన తెలుగు

అనకాపల్లి జిల్లా పిల్లలకు జర్మనీ ఇప్పుడు దూరపు పేరు కాదు. ఇంజనీరింగ్ అయ్యాక ఎం.ఎస్.కి వెళ్లేవాళ్లు జర్మన్ భాషలో ఏ1, ఏ2 స్థాయి పరీక్షలు రాస్తుంటే, నర్సు ఉద్యోగానికి వెళ్లాలనుకునేవాళ్లు బీ2 దాకా పట్టుబట్టి చదువుతున్నారు. 2022-23 విద్యా సంవత్సరంలో చైనా వాళ్లను దాటి, జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో మన దేశం వాళ్లే మొదటి స్థానానికి చేరారు. ఈ రాకపోకలు నిన్న మొన్నటివే. తెలుగుతో జర్మన్ల పరిచయం మాత్రం మూడు వందల ఏళ్ల నాటిది. ఆ పరిచయంలో మొదట పలక పట్టింది మనం కాదు, వాళ్లు.

అలా తెలుగు నేర్చిన జర్మన్ బెంజమిన్ షుల్జ్. అతను 1689లో బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలో పుట్టాడు. చదువు జర్మనీలోని హాలె నగరంలో. క్రైస్తవ మత ప్రచారకుడిగా 1719లో డేనిష్ వాళ్ల అధీనంలో ఉన్న తరంగంబాడి చేరి, అక్కడ తమిళం నేర్చుకున్నాడు. 1726లో మద్రాసుకు మారాడు. అప్పటి మద్రాసు వీధుల్లో, వర్తకుల కొట్లలో, దుబాసీల ఇళ్లలో తెలుగు గట్టిగా వినిపించేది. తమిళం ఒక్కటే తెలిస్తే ఆ ఊళ్లో సగం మందితో మాట కలవదని అతనికి తెలిసివచ్చింది. అందుకే తెలుగు పట్టాడు.

ఎంత వేగంగా పట్టాడంటే, 1728 నాటికి తెలుగుకు లాటిన్‌లో ఒక వ్యాకరణమే రాశాడు. దాని పేరు ‘గ్రమాటికా తెలుగికా’. ఇంగ్లీషు మిషనరీ విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1814లో. అంటే షుల్జ్ రాత దానికి 86 ఏళ్లు పెద్దది. కానీ ఆ వ్యాకరణం చాలా కాలం రాతప్రతిగానే ఉండిపోయింది. బైబిలును కూడా తెలుగు చేశాడు గానీ అదీ అచ్చుకు నోచుకోలేదు.

1743లో షుల్జ్ హాలెకు తిరిగి వెళ్లిపోయాడు. అసలు విశేషం అక్కడే జరిగింది. తెలుగు నేలకు ఎంతో దూరంలో ఉన్న ఆ ఊళ్లో తెలుగు అక్షరాలకు అచ్చుదిమ్మెలు తయారయ్యాయి. అది చిన్న పని కాదు. లాటిన్‌కు పాతిక అక్షరాలు, వాటిలో పెద్దవీ చిన్నవీ ఉంటే పని నడుస్తుంది. తెలుగుకు తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, ఒత్తులు అన్నీ కుదరాలి. ఒక్క ‘క’ గుణింతానికే ఎన్ని రూపాలో బడిపిల్లలకు కూడా తెలుసు. అయినా 1746, 1747 సంవత్సరాల్లో లూథర్ ప్రశ్నోత్తరి, మరికొన్ని మత గ్రంథాలు హాలెలో తెలుగులో అచ్చయ్యాయి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చరిత్రకారులు లెక్కించేవి ఇవే. మత ప్రచారమే వాటి ఉద్దేశం, అందులో దాపరికం లేదు. కానీ మన లిపి అచ్చుయంత్రం ఎక్కింది ఆ ఉద్దేశం వెంటే.

షుల్జ్ పుస్తకాల్లో మనకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది 1750లో వెలువడిన మద్రాసు సంభాషణల పుస్తకం. మొత్తం 30 సంభాషణలు. మద్రాసు జనం తీరుతెన్నులు, వ్యాపారం, సేద్యం, ఇంటి వ్యవహారాలు అన్నీ అందులో మాటల రూపంలో నడుస్తాయి. వాటిని అతను ముందు తెలుగులో రాసుకున్నాడు. ఒక భాష నేర్చుకోవడమంటే ఆ భాష మాట్లాడే మనుషుల బతుకు తెలుసుకోవడమేనని ఆ పుస్తకం నిర్మాణమే చెబుతుంది.

తర్వాతి అధ్యాయం మన ఉత్తరాంధ్రలో, దాని పక్కనున్న ఒడిశా కొండల్లో జరిగింది. 1876లో ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ గ్రామంలో క్రిస్టియన్ యెన్సెన్ అనే పాదిరి ఒక మిషన్ స్థాపించాడు. అది పంపిన ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ 1882లో ఇటు వచ్చారు. సాలూరు, పార్వతీపురం, జయపురం, కోరాపుట్ ప్రాంతాల్లో ఆ మిషన్ పనిచేసింది. అప్పట్లో అనకాపల్లి, సాలూరు రెండూ విశాఖపట్నం జిల్లాలోవే. మైదానంలో తెలుగు, కొండ మీద ఒడియా, గిరిజన భాషలు: ఇన్ని నేర్చుకుంటే గానీ వాళ్లకు రోజు గడిచేది కాదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్లు బ్రిటిష్ ప్రభుత్వానికి శత్రువులయ్యారు. ఆ పాదిరులు పని వదిలి వెళ్లవలసి వచ్చింది.

ఇంత పరిచయం జరిగినా అది ఎక్కువగా ఒకవైపే సాగింది. వాళ్లు మనను చూసి రాసుకున్నారు, మనం వాళ్ల రాతలు చదవలేదు. కారణం భాష. షుల్జ్ వంటివాళ్ల ఉత్తరాలు, దినచర్యలు, నివేదికలు హాలెలోని ఫ్రాంకే సంస్థల భండారంలో జర్మన్‌లోనూ లాటిన్‌లోనూ ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దపు తెలుగువాళ్ల ధరలు, వృత్తులు, పండుగలు, వాదోపవాదాలు వాటిలో వెతకాలి.

ఇప్పుడు ఆ కొరత తీర్చే అవకాశం వచ్చింది. ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటున్న పిల్లల్లో కొందరైనా, అక్కడికి చేరాక ఒక సెలవు రోజు హాలెకు వెళ్లి ఆ పాత తెలుగు పుస్తకాలను అడిగి చూడాలి. చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లు ఆ నివేదికలను తెలుగులోకి తేవాలి. మన విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు వాళ్లకు తోడు నిలవాలి.