జాడీ కన్నా ముందు ఉప్పు

ఊరగాయల చరిత్ర రాసేవాళ్లు ఆవకాయ గురించి, మాగాయ గురించి, పింగాణీ జాడీల గురించి, గాజు సీసాల గురించి రాస్తారు. అందులో మా సవర ఇళ్లు, జాతాపు ఇళ్లు కనిపించవు. ఆదివాసులకు తిండి దాచుకోవడం తెలియదని, దొరికిన రోజు తిని దొరకని రోజు పస్తుంటారని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాకు దాచుకోవడం తెలుసు. జాడీలో దాచుకునే స్తోమతే ఉండేది కాదు. ఆవకాయ పెట్టాలంటే మామిడికాయ ఒక్కటే చాలదు. జాడీ, ఉప్పు, నూనె కొనాలి. ఆ మూడూ సంతలో షావుకారి దగ్గరే ఉండేవి. ఈ మూడింటిలో ఉప్పు కథ ముందు చెప్పుకోవాలి. అది పుట్టింది మన టెక్కలి పక్కనే.

ఊరగాయ ఎందుకు నిలవ ఉంటుందో మొదట చూద్దాం. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగుతుంది. మామిడి పులుపు క్రిములను పెరగనివ్వదు. పైన తేలే నూనె గాలిని ఆపుతుంది. ఐరోపాలో ఇదే పనిని నిప్పుతో చేయించారు. ఫ్రాన్సులో నికొలా అప్పేర్ అనే వంటవాడు తిండిని గాజు సీసాల్లో పెట్టి, బిరడా బిగించి, వేడినీళ్లలో మరిగించాడు. 1810లో ఆ పద్ధతిని పుస్తకంగా అచ్చువేసి, ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమానం తీసుకున్నాడు. 1858లో అమెరికాలో జాన్ మేసన్ మరమూత ఉన్న గాజు సీసాకు పేటెంటు పొందాడు. అక్కడి ఇళ్లలో పళ్లూ కూరలూ సీసాల్లో దాచుకోవడం దానితో తేలికైంది. మన దగ్గర మరిగించే పని లేదు, ఉప్పే ఆ పని చేసింది. కాబట్టి ఉప్పు ఎవరి చేతిలో ఉంటే నిలవ తిండి వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఉప్పు ఎవరి చేతిలో ఉండేది? సంతబొమ్మాళి మండలంలోని నౌపడ మడుల్లో పండే ఉప్పు పేరున్నది. సముద్రపు నీటిని మడుల్లోకి పెట్టి, ఎండకు ఆరనిచ్చి, పేరుకున్న ఉప్పును పారతో లాగి కుప్ప వేస్తారు. కష్టం కూలీది, ఎండ దేవుడిది. అయినా 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పు వ్యాపారాన్ని తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. తర్వాత వచ్చిన 1889 మద్రాసు ఉప్పు చట్టం కింద, అనుమతి లేకుండా ఉప్పు తయారుచేస్తే నేరం. తీరంలో దానంతట అదే పేరుకున్న ఉప్పు ఏరుకున్నా నేరమే. 1930లో గాంధీగారు దండిలో పిడికెడు ఉప్పు తీసింది ఇలాంటి చట్టాల మీదే. ఉప్పు పన్ను పోయింది 1947లో. తీరంలో ఉన్నవాడికే ఉప్పు పన్నుతో కలిసి వచ్చేది. కొండ మీదివాడికి పన్ను, బండి కిరాయి, షావుకారి లాభం అన్నీ కలిసి వచ్చేవి.

ఆ ఉప్పు కొండకు చేరిన దారి కూడా చెప్పాలి. రైలు రాకముందు ఎద్దుల మీద, కావళ్ల మీద వెళ్లేది. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా సుమారు 40 కిలోమీటర్ల చిన్న రైలుమార్గం వేయించారు. 1931 నాటికి అది గుణుపురం చేరింది. ఉప్పు మడుల దగ్గర బయలుదేరే రైలు సవరల దేశంలో ఆగేదన్నమాట. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, గుణుపురం అటు పోయాయి, టెక్కలి ఇటు మిగిలింది. మా చుట్టాలు రెండు రాష్ట్రాల వాళ్లయ్యారు. సంతలు మాత్రం మానలేదు.

సంతకు మేం తీసుకెళ్లింది చింతపండు, ఇప్పపలుకు, అడ్డాకు, కొండచీపుళ్లు, కందులు. తిరిగి తెచ్చుకున్నది ఉప్పు, ఎండుచేప, బట్ట, కిరసనాయిలు. కొలత షావుకారిది, ధర షావుకారిది, రాత కూడా షావుకారిదే. చింతపండు మాఘ, ఫాల్గుణ, చైత్ర మాసాల్లో దిగుతుంది. ఆకలి ఆషాఢ, శ్రావణాల్లో వస్తుంది. మధ్యలో నాలుగు నెలలు నిలవ పెట్టుకోగలిగినవాడు ధర వచ్చేదాకా ఆగుతాడు. నిలవ పెట్టుకోలేనివాడు వచ్చిన ధరకే అమ్మి, వానల్లో అప్పు చేస్తాడు. అప్పు తీరకపోతే భూమి పోతుంది. గిరిజనుల భూమిని, వడ్డీ బాధను దృష్టిలో పెట్టుకుని ఏజెన్సీలో 1917లోనే చట్టం చేశారు. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అటవీ ఫలసాయం కొనడం, ఉప్పూ పప్పూ సరసమైన ధరకు అమ్మడం దాని పని. అయినా 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న తుపాకి గుండ్లకు బలయ్యారు. తర్వాత జరిగిన శ్రీకాకుళం పోరాటం అందరికీ తెలుసు. ఆ పోరాటానికి భూమి ఎంత కారణమో, సంతలో కుంచం కొలతా అంత కారణం.

ఉప్పు కొనలేని ఇల్లు మరి ఏం చేసింది? ఎండను వాడుకుంది, పొగను వాడుకుంది, బూడిదను వాడుకుంది. మామిడికాయను చెక్కు తీసి, చీల్చి, బండ మీద ఒరుగు చేసింది. వెదురు కొమ్ములను సన్నగా తరిగి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఎండబెట్టింది. విత్తనాన్ని బూడిదతో కలిపి ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి మూతి బిగించింది. పొయ్యి మీది అటక మా జాడీ. ఏడాది పొడుగునా పొగ తగిలే ఆ అటక మీద పురుగు నిలవదు, చెమ్మ చేరదు. మట్టికుండలో ఉప్పు ఊరగాయ పెడితే ఊట కుండ బయటికి చెమరుస్తుంది, పింగాణీ పూత ఉంటేనే నిలుస్తుంది. మా దగ్గరున్న ఇప్పనూనె చలికి పేరుకుంటుంది. కాబట్టి మావాళ్లు ఊరగాయ పెట్టకపోవడం తెలివి తక్కువై కాదు, ఉన్న వస్తువుకు తగిన పద్ధతి ఎంచుకోవడం. పల్లపు వాళ్ల మాగాయలో కూడా సగం పని ఎండదే కదా.

అన్నిటికన్నా కష్టమైన పని మామిడి టెంక. లోపలి జీడి వగరుగా ఉంటుంది. దాన్ని దంచి, బుట్టలో కట్టి, వాగు నీటిలో పెట్టి వగరు పోగొట్టాలి. తర్వాత గలగలలాడేలా ఎండబెట్టాలి. వానాకాలంలో ఆ పిండితో అంబలి కాస్తారు. ఎండ సరిగా తగలకపోతే బూజు పడుతుంది, బూజు విషం. 2001లో గుణుపురానికి అవతల, రాయగడ జిల్లా కాశీపూర్‌లో టెంక అంబలి తాగి ఇరవై మందికి పైగా ఆదివాసులు చనిపోయారు. తిండి విషమైందని ప్రభుత్వం అంది, ఆకలి చావులని మిగిలినవాళ్లు అన్నారు. రెండూ నిజమే. ఇంట్లో బియ్యం ఉంటే బూజు పట్టిన టెంకను ఎవరూ పొయ్యి మీద పెట్టరు. దాచుకునే విద్యకు కూడా కాస్త తీరిక, కాస్త నిబ్బరం కావాలి. ఆకలి ఆ రెంటినీ ముందు తినేస్తుంది.

గాజు సీసా మా ఇళ్లకు ఆలస్యంగా వచ్చింది, అదీ ఖాళీగా వచ్చింది. ఆశ్రమ పాఠశాలలో అన్నంతో పాటు ఊరగాయ తిన్న మా తరం, ఉద్యోగాలు వచ్చాక ఇంట్లో హార్లిక్స్ సీసా ఖాళీ అయితే కడిగి, ఎండబెట్టి, అందులో నిమ్మకాయ పెట్టడం నేర్చుకుంది. గాజు మంచిదే. పులుపు దాన్ని తినదు, లోపల ఏముందో కనిపిస్తుంది. కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. ఉప్పూ పులుపూ చాలినంత లేని వెదురు కొమ్ములను, కూరలను ఊరికే సీసాలో బిగిస్తే గాలి లేనిచోట పెరిగే విషక్రిమి పుట్టవచ్చు. పైకి వాసన కూడా రాకపోవచ్చు. ఆవకాయకు చెల్లిన పద్ధతి అన్నిటికీ చెల్లదు.

ఇప్పుడు కథ తిరగబడింది. ఒకప్పుడు ఉప్పు దొరకనిది కొండకు, ఇప్పుడు ఉప్పు తినకూడనిది తీరానికి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తీసుకుపోతోంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. జబ్బుపడ్డవాళ్లకు డాక్టర్లు ముందు మాన్పించేవి ఊరగాయ, ఎండుచేప, అప్పడం. కొబ్బరీ పనసా ఉన్న ఉద్దానం ఇంట్లో ఎప్పుడూ నిండుగా ఉండే జాడీ అలా అటక ఎక్కింది. మా ఉప్పులేని ఒరుగులు మందు అని నేను అనడం లేదు. కిడ్నీ రోగి ఏం తినాలో డాక్టరే చెప్పాలి. ఉప్పు లేకుండా తిండి నిలవ పెట్టే విద్య పేదరికపు గుర్తు కాదని మాత్రం అంటున్నాను.

ఈ విద్య మా పిల్లలకు అందడం లేదు. టెంక అంబలి పేరు చెబితే తరగతిలో నవ్వుతారు. మరోవైపు మందస, మెళియాపుట్టి కొండల మామిడి పచ్చిగానే ఆటోల్లో దిగిపోయి, సీసాల్లో ఊరగాయై మా ఊరి కొట్టుకే తిరిగి వస్తోంది. మన జీడితోటల్లో పిక్క తీసుకుని పండును చెట్టు కిందే వదిలేస్తున్నాం. ఆ పండు రోజు తిరగకుండా కుళ్లిపోతుంది. నిలవ పెట్టడం చేతకానంత కాలం ధర మన చేతిలో ఉండదు. ఉప్పు చరిత్ర చెప్పేది ఇదే. మహిళా సంఘాలకు జాడీలు, సీసాలు ఇప్పించాలి. ఎండబెట్టుకోవడానికి మంచి కళ్లాలు కట్టించాలి. మన బడుల్లో కొలతలు, నెలలు చెప్పే పాఠంలో, ఏ నెలలో ఏది ఎండబెడతారో ఊరి పెద్దమ్మల్ని పిలిచి చెప్పించాలి. వాళ్లు చెప్పింది పిల్లలు తెలుగులోనూ సవరలోనూ రాసుకోవాలి. జాడీ బజార్లో కొనుక్కోవచ్చు, ఆ లెక్క ఏ కొట్టులోనూ దొరకదు.