చిరత నుంచి పూలవాన దాకా

మా పెదనాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. చిన్నప్పుడు ఆయన నోట తరచూ వినే మాట: “మా ముందు ఒప్పుకున్నదే నిజంరా. కోర్టులో చెప్పేది ప్లీడరు నేర్పింది.” అది ఆయన స్వభావం అనుకునేవాణ్ణి. 1855 నాటి మద్రాసు టార్చర్ కమిషన్ రిపోర్టు చదివాక, ఆ మాట ఆయనకంటే చాలా ముందు పుట్టిందని అర్థమైంది.

కంపెనీ కాలంలో మన కోస్తా, దత్తమండలాలు ఆ ప్రెసిడెన్సీలోవే. కలెక్టరే మేజిస్ట్రేటు, తాసీల్దారే పోలీసు పెద్ద. శిస్తు ఎలా రాబట్టేవారో నేరమూ అలాగే ఒప్పించేవారు. మనిషిని వంచి, తాడుతోనో తన పంచెతోనో అలాగే కట్టేసి ఉంచడం ఒక పద్ధతి. కర్రల మధ్య వేళ్ళు పెట్టి నలపడం ఇంకోటి. దాన్ని అరవంలో కిట్టి అనేవారట. రిపోర్టు తెలుగు పేరూ ఇచ్చింది, దొరల స్పెల్లింగులో. మన చిరతే కాబోలు. భజనలో తాళం వేసే వస్తువు పేరు అక్కడ కనబడేసరికి కాసేపు పేజీ తిప్పలేకపోయాను.

కమిషన్ మాత్రం తప్పంతా నేటివ్ ఉద్యోగుల మీదకి నెట్టి, తెల్ల అధికారులకి క్లీన్ చిట్ ఇచ్చింది. అది నాకు మింగుడుపడదు.

1859లో మద్రాసుకి, 1861లో దేశానికి కొత్త పోలీసు చట్టాలొచ్చాయి. పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లదన్న నియమం 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్‌గా స్థిరపడింది. లాఠీ ఇచ్చిన ప్రభుత్వమే, నీ మాట నమ్మం అని రాసిపెట్టింది. పెదనాన్న ఉక్రోషం అక్కడిదే. అయితే 27వ సెక్షన్‌లో ఒక సందు ఉంచారు: ముద్దాయి చెప్పినదాన్ని బట్టి వస్తువు దొరికితే, దానికి సంబంధించిన మేరకు ఆ మాట చెల్లుతుంది. స్టేషన్ భాషలో రికవరీ. 2024లో చట్టం పేరు మారింది, ఆ సందు 23వ సెక్షన్‌లో భద్రంగా ఉంది.

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితుల్ని చటాన్‌పల్లికి తీసుకెళ్ళింది రికవరీకే అన్నారు పోలీసులు. జనం పూలు చల్లుతున్న వీడియోని ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది నేనే. పెదనాన్న దండం బొమ్మ పెట్టారు.

2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. చంపాలనే కాల్చారంది, పదిమంది పోలీసుల్ని విచారించాలంది, చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లంది. ఆ లింకూ అదే గ్రూపులో పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు.