చింతచెట్టు పడిన వారం

ఒరేయ్ మనవడా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి ఇలా కూచో. వీధిలో కొమ్మలు పడి రెండ్రోజులైనా మున్సిపాలిటీ వాళ్లు రాలేదని ఇందాకట్నుంచీ విసుక్కుంటున్నావు. రావాల్సిందే, కాదనను. పన్ను కడుతున్నాం కదా. అయితే మా రోజుల ముచ్చట ఒకటి విను.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన మాట వినే ఉంటావు. సముద్రం ఊళ్ల మీదికొచ్చి, సర్కారు లెక్కలోనే పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. మా ఊరు ఎగువన ఉంది గనక నీళ్లు రాలేదు, గాలి వచ్చింది. తెల్లారి చూస్తే పూరిళ్లకు కప్పుల్లేవు. మా వీధి చింతచెట్టు దారికడ్డంగా పడుంది.

అది నిలబడ్డన్నాళ్లూ ఈ ఇంటివాళ్లూ ఆ ఇంటివాళ్లూ కాయలు మావంటే మావని కొట్టుకున్నారు. పడ్డాక "మీ చెట్టేగా, మీరే తీయించండి" అని ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. రోజుకూలి నాలుగైదు రూపాయలుండే కాలం, అదెవరిస్తారని పేచీ. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే, మోసేవాడేడీ! చివరికి మునసబుగారొచ్చి, చెట్టు దారి పోరంబోకులో ఉంది, కలప పంచాయతీకే చెందుతుందన్నారో లేదో, ఇద్దరికీ మళ్లీ దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నవ్వకు, అందులో ఒకరు మీ అమ్మమ్మ తరఫు వాళ్లే!

మునసబులూ కరణాలూ నీకేం తెలుసులే. 1984లో రామారావుగారి ప్రభుత్వం ఆ పదవులు తీసేసింది. అది వేరే కథ, ఇంకోరోజు చెబుతా. అసలు సంగతేమిటంటే, ఆ సాయంత్రం తలారి దండోరా వేశాడు. ఎవరి గడప ముందు వాళ్లే ఊడ్చుకోవాలి. చచ్చిన గొడ్లను ఊరి బయట లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. మంచినీళ్ల నుయ్యి పంచాయతీ చూసుకుంటుంది.

ఆ నుయ్యి బాగుచేయడం నా కళ్లతో చూశాను. ఆకు కుళ్లి నీళ్లు కషాయంలా ఉన్నాయి. నలుగురు కుర్రాళ్లు చేదలేసి తోడుతుంటే ఆడవాళ్లు మజ్జిగ పోశారు. ప్రెసిడెంటుగారు తెప్పించిన బ్లీచింగు పొడిని బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగి, పైనున్న తేట మాత్రమే నూతిలో పోశారు. చేదతో నీళ్లు కలియబెట్టి, తెల్లారేదాకా ఎవరూ తోడొద్దని గిలకకు తాడు చుట్టేశారు. చూశావా, పొడి పంచాయతీ తెచ్చింది, చేతులు ఊరివాళ్లవి. ఏ ఒక్కటి లేకపోయినా ఊళ్లో వాంతులూ విరేచనాలే.

ఇప్పుడు మాత్రం తేడా ఏముంది? పెద్ద మాను కోసే రంపాలు, మురుగుకాలవ పూడిక తీసే మిషన్లు, లారీలు మున్సిపాలిటీ దగ్గరే ఉంటాయి. అవి రాకపోతే గట్టిగా అడుగు, అది మన హక్కు. గుమ్మం ముందు ఆకూ అలమూ, మేడ మీద నిలిచిన నీళ్లూ మాత్రం మనవే. దోమకు ఓ చిప్పెడు నీళ్లు చాలు.

పద, చీపురు తీసుకో. కొమ్మలు ఓ పక్క, పగిలిన రేకులూ గాజుపెంకులూ మరో పక్క కుప్ప వెయ్యి, బండివాళ్ల చేతులు తెగకుండా. మురుగుకాలవ మీద మాత్రం వెయ్యకు. ఎక్కడన్నా కరెంటు తీగ తెగిపడి కనిపిస్తే దగ్గరికి పోకుండా, పిల్లల్ని పోనివ్వకుండా 1912కి ఫోను చెయ్యి.